మైలేజీలో మచ్చు వేరు, సరుకు వేరు

చిక్కడపల్లి నుంచి బేగంబజారు దాకా కారు తాగే పెట్రోలుకు కాటా వేసి చూడాలి

మిర్చి అయినా, పసుపు అయినా, కందులు అయినా మచ్చు చూసి ధర పలికే ఖరీదుదారు బస్తాలో చేయి పెట్టి చూడనిదే కాటాకు ఒప్పుకోడు. తేమ ఎంత, తాలు ఎంత, మట్టి ఎంత అని తరుగు తీసిన తరవాతనే నికర తూకం తేలుతుంది. అటువంటి వ్యాపారస్తుడే నలభై, యాభై లక్షలు పెట్టి సెడాన్ కారు కొనేటప్పుడు మాత్రం, కంపెనీ ప్రచార పత్రంలో అచ్చయిన మైలేజీ అంకెను తరుగు లేకుండా ఒప్పుకొంటున్నాడు. కారు ఇంటికి వచ్చిన మూడో నెలలో పెట్రోలు బంకు చీటీలు కూడి చూసుకొని, డ్రైవరు మీదనో, బంకు మీదనో అనుమానపడుతున్నాడు. అనుమానించవలసింది ముందుగా ఆ అంకెను.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో కాపురముండి బేగంబజారు, ఉస్మాన్‌గంజ్, మలక్‌పేట గంజ్‌లలో వ్యాపారం చేసేవారికి ఈ విషయం మరింత వర్తిస్తుంది. వారి కారు రోజూ తిరిగే దూరం తక్కువ, ఆగే సమయం ఎక్కువ. ఇటువంటి నడకలో విశాలమైన విలాస సెడాన్ ఎంత పెట్రోలు తాగుతుందో ప్రచార పత్రం చెప్పదు. ఎవరి లెక్క వారు వేసుకోవలసిందే.

మచ్చు ఎక్కడిది?

మన దేశంలో కార్ల మైలేజీ అంకెలకు ఆధారం పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు ధ్రువీకరించే పరీక్ష. కారును రోడ్డు మీద కాక ప్రయోగశాలలో రోలర్ల మీద నడుపుతారు. 2025 వరకు సాగిన పద్ధతిలో ఈ నడక దాదాపు 20 నిమిషాలు, పదిన్నర కిలోమీటర్లు. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్ల చిల్లర, గరిష్ఠ వేగం 90. ఎయిర్ కండిషనర్ ఆపివేసి ఉంటుంది. ఎత్తుపల్లాలు లేవు, ఎదురు గాలి లేదు, అడ్డం వచ్చే ఆటో లేదు. అందరికీ ఒకే పరీక్ష కనుక ఒక కారును మరొక కారుతో పోల్చడానికి ఈ అంకె పనికివస్తుంది. ఇంటి ఖర్చు లెక్కకు పనికిరాదు. పరీక్ష చేసేవారి తప్పు ఇందులో లేదు. మచ్చును మచ్చుగా చూపినవాడిని ఎవరూ తప్పు పట్టరు. దాన్నే సరుకు అనుకొన్నవాడే నష్టపోతాడు.

ఈ తరగతి కార్లలో ఎక్కువగా వినిపించే పేరు టయోటా క్యామ్రీ హైబ్రిడ్. పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్ మోటారు కూడా ఉన్న ఈ కారు కొత్త తరం 2024 డిసెంబరులో 48 లక్షల రూపాయల షోరూం ధరతో మన మార్కెట్‌కు వచ్చింది. అప్పుడు ప్రకటించిన మైలేజీ లీటరుకు 25.49 కిలోమీటర్లు. రెండున్నర లీటర్ల ఇంజను గల పెద్ద కారుకు ఇది ఆశ్చర్యపరిచే అంకె. కాగా, ఇదే తరం క్యామ్రీకి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇచ్చిన అంకెను మన కొలతలోకి మార్చితే, మోడల్‌ను బట్టి లీటరుకు సుమారు 20 నుంచి 22 కిలోమీటర్ల మధ్య తేలుతున్నది. కారు దాదాపు అదే, అంకెలో పదిహేను, ఇరవై శాతం తేడా. కాటా మారింది, అంతే.

అమెరికా కాటా కొంత కఠినమైనది. 2008 మోడళ్ల నుంచి అక్కడ ఎక్కువ వేగం, ఏసీ వాడకం, చలి వాతావరణం కూడా లెక్కలోకి తీసుకొంటున్నారు. నగరానికి ఒక అంకె, రహదారికి ఒక అంకె వేర్వేరుగా కారు అద్దానికి అంటిస్తారు. ఐరోపాలో కూడా పాత పరీక్ష రోడ్డుకు దూరంగా ఉన్నదని గ్రహించి, 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లకు అరగంట సేపు, 23 కిలోమీటర్ల పైచిలుకు సాగే మరింత కఠినమైన పరీక్ష ప్రవేశపెట్టారు. అమెరికాలో ఎక్కువ మైలేజీ ప్రకటించిన రెండు కొరియా కంపెనీలు 2012లో తమ అంకెలు తగ్గించుకొని, 2014లో పది కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకొన్నాయి. తూకంలో మోసానికి గంజ్‌లో ఎటువంటి శిక్ష ఉంటుందో, మైలేజీలో తేడాకు అక్కడ అటువంటి శిక్ష ఉన్నదన్నమాట.

మన దేశంలోనూ ఈ ప్రశ్న వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కింది. కేరళలోని త్రిశూర్‌లో ఒక డీజిల్ సెడాన్ కొన్న వ్యక్తి, లీటరుకు 32 కిలోమీటర్లని ప్రకటించి అమ్మిన కారు అందులో మూడింట రెండు వంతులైనా ఇవ్వడం లేదని ఫిర్యాదు చేయగా, నిపుణుని చేత పరీక్ష చేయించి, 2023లో కమిషన్ ఫిర్యాదుదారుకు మూడు లక్షల పైచిలుకు చెల్లించాలని ఆదేశించింది. కారు కొన్నది 2014లో. తీర్పుకు తొమ్మిదేళ్లు పట్టింది. కోర్టు దారి ఉన్నది గాని, అది దూరం దారి అని వ్యాపారస్తులకు వేరే చెప్పనక్కర్లేదు.

డాబు, దాహం

విలాస కారు, పెట్రోలు ఖర్చు అనే తగవు కొత్తది కాదు. 1984లో హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా కారును తెచ్చింది. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కారు నమూనా అది. వెనుక సీటులో కాళ్లు చాపుకొని కూర్చోవచ్చు. అయితే తొలి రోజుల్లో దానికి బిగించినది అంబాసిడర్‌కు వాడే ఒకటిన్నర లీటర్ల ఇంజనే. బరువైన బండికి చాలని ఇంజను కట్టడంతో అది వేగమూ ఇవ్వలేదు, పొదుపూ చూపలేదు. తరవాత జపాన్‌కు చెందిన ఇసుజు 1,800 సీసీ ఇంజను వచ్చినప్పుడు పరిస్థితి మెరుగుపడింది. 2002లో కాంటెస్సా తయారీ ఆగింది. 1985లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ 2000 కథ ఇంకా చిన్నది. పైకి రోవర్ ఆకృతి, లోపల పాత కాలపు వాన్‌గార్డ్ ఇంజను. ధర ఎక్కువ, పెట్రోలు వాడకం ఎక్కువ. 1988 నాటికే తయారీ నిలిచిపోయింది.

ఆనాటి కొనుగోలుదారుకు ఎంచుకోవడానికి రెండు మూడు కార్లే. ఈనాడు రకాలకు కొదవ లేదు. ఇంజన్లు ఎన్నో రెట్లు మెరుగయ్యాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చిన తరవాత ఈ తరగతిలో డీజిల్ సెడాన్లు చాలావరకు కనుమరుగై, మామూలు పెట్రోలా, హైబ్రిడ్డా అన్నదే ప్రధాన ప్రశ్నగా మిగిలింది. జవాబు మాత్రం కారులో లేదు, కారు తిరిగే దారిలో ఉన్నది.

చిక్కడపల్లి లెక్క

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ, సుల్తాన్ బజార్, కోఠి మీదుగా బేగంబజారుకు సుమారు ఐదు కిలోమీటర్లు. సాఫీగా సాగితే లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే మామూలు పెట్రోలు సెడాన్‌కు ఈ దూరానికి 0.42 లీటరు చాలు. అయితే దారిలో కూడళ్ల వద్ద, దుకాణాల ముందు బండ్లు నిలిపిన చోట మొత్తం పది నిమిషాలు కారు కదలకుండా ఉన్నదనుకొందాం. రెండు లీటర్ల స్థాయి ఇంజను ఏసీతో ఆగి ఉంటే గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది. అంటే పది నిమిషాలకు 0.17 లీటరు. మొత్తం 0.58 లీటరు. మైలేజీ 12 నుంచి ఎనిమిదిన్నరకు దిగింది. ఆగిన సమయం ఇరవై నిమిషాలైతే ఆరున్నర, ఏడు మధ్యకు పడిపోతుంది. కారు చెడలేదు, డ్రైవరు దొంగ కాదు, బంకు మోసం లేదు. ఇది కేవలం కూడలి తరుగు.

2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ వరకు ఉక్కు వంతెన ప్రారంభమైంది. అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా వెళ్లేవారికి దీనివల్ల ఆగే సమయం తగ్గింది. అయితే చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు వెళ్లేవారి దారి వంతెన మీదుగా కాక, దానికి అడ్డంగా సాగుతుంది. వారికి కూడలి తరుగు తప్పలేదు. కనుక మన నడక ఏ దారిన అన్నది చూసుకోకుండా పొరుగువారి కారు మైలేజీ విని కారు కొనడం పొరపాటు. ఒకే వీధిలో ఉన్న రెండు ఒకే రకం కార్లు, ఒకటి మాదాపూర్ వైపు, మరొకటి బేగంబజారు వైపు తిరిగితే, వేర్వేరు మైలేజీ ఇస్తాయి.

ఏ దారికి ఏ కారు

హైబ్రిడ్ కారు గొప్పతనం ఆగినప్పుడు బయటపడుతుంది. బండి నిలిచినప్పుడు ఇంజను ఆగిపోతుంది. నిదానంగా కదిలేటప్పుడు విద్యుత్ మోటారు లాగుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత బ్యాటరీలోకి జమ అవుతుంది. మామూలు కారుకు ఖర్చు పద్దయిన కూడలి, హైబ్రిడ్‌కు కొంతవరకు జమ పద్దు.

ఇందుకు కూడా అమెరికా అంకెలే సాక్ష్యం. అంతకు ముందు తరం క్యామ్రీలో హైబ్రిడ్ కాని రెండున్నర లీటర్ల పెట్రోలు కారుకు అక్కడ ప్రకటించిన అంకె, మన కొలతలో నగరంలో లీటరుకు సుమారు 12, రహదారిపై 16.6 కిలోమీటర్లు. కొత్త తరం హైబ్రిడ్‌లో ఎక్కువ మైలేజీ ఇచ్చే రకానికి నగరంలో 22.5, రహదారిపై 21.3. మామూలు కారు రహదారి మీద బాగుపడితే, హైబ్రిడ్ నగరంలోనే బాగుపడుతున్నది.

దీన్ని లీటర్లలోకి మార్చి చూస్తే అసలు తేడా తెలుస్తుంది. నగరంలో వంద కిలోమీటర్లకు మామూలు కారు తాగేది 8.4 లీటర్లు, హైబ్రిడ్ తాగేది 4.4. మిగులు నాలుగు లీటర్లు. రహదారి మీద ఆరు లీటర్లు, 4.7 లీటర్లు. మిగులు 1.3 లీటర్లు మాత్రమే. అంటే నగరంలో మిగిలేదానిలో మూడో వంతు మాత్రమే రహదారి మీద మిగులుతున్నది. నిజామాబాద్ పసుపు యార్డుకో, వరంగల్ ఏనుమాములకో, గుంటూరు మిర్చి యార్డుకో వారం వారం తిరిగే వ్యాపారి హైబ్రిడ్ నుంచి ఆశించవలసింది తక్కువ. రోజూ కోఠి దాటవలసిన వ్యాపారి ఆశించవలసింది ఎక్కువ. ప్రచార పత్రం ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తున్నది.

రహదారి మీద పెట్రోలు తినే శత్రువు గాలి. వేగం పెరిగే కొద్దీ గాలి నిరోధం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగం నుంచి 100కు పెంచితే గాలి నిరోధం సగానికి పైగా అదనమవుతుంది. నిజామాబాదుకు సుమారు 175 కిలోమీటర్ల ప్రయాణంలో ఇందువల్ల కలిసివచ్చేది ఇరవై అయిదు నిమిషాలు. వేలం వేళకు యార్డు చేరవలసిన ఖరీదుదారుకు ఆ సమయం పెట్రోలు కంటే విలువైనది కావచ్చు. తెలిసి పెట్టే ఖర్చుకు అభ్యంతరం లేదు. తెలియక పెట్టేదానికే విచారించాలి.

కిలోమీటర్ల మాయ

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడగడంలోనే ఒక మాయ ఉన్నది. 8 ఇచ్చే కారు వదిలి 12 ఇచ్చే కారు కొన్న వ్యాపారికి, 16 ఇచ్చే కారు వదిలి 20 ఇచ్చే కారు కొన్న వ్యాపారికి పైకి ఒకే లాభం. ఇద్దరికీ నాలుగేసి కిలోమీటర్లు పెరిగాయి. కాని వంద కిలోమీటర్లకు మొదటివారికి మిగిలేది నాలుగు లీటర్ల పైన, రెండోవారికి మిగిలేది లీటరుంపావు. పాత, దాహం ఎక్కువగల బండిని మార్చినవారికే అసలు లాభం. ఇప్పటికే మంచి మైలేజీ ఇచ్చే కారున్నవారు ఇంకా మంచిదాని కోసం లక్షలు పోయడంలో పెట్రోలు లాభం స్వల్పం. అందుచేత షోరూంలో మైలేజీ ఎంత అని కాక, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడగడం మంచిది. ఎన్ని బస్తాలు అని కాక ఎన్ని క్వింటాళ్లు అని అడగడం వంటిది ఇది.

ఇథనాల్ తరుగు

ఈ పేజీ పాఠకులలో మొక్కజొన్న వ్యాపారులకు బాగా తెలిసిన మార్పు మరొకటి ఉన్నది. పెట్రోలులో ఇథనాల్ 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2025లో చేరుకొన్నది. చెరకుతోపాటు మొక్కజొన్న, నూకలు ఇథనాల్‌కు ముడిసరుకు కావడంతో మొక్కజొన్నకు కొత్త గిరాకీ పుట్టింది. రైతుకు, అడ్తిదారుకు ఇది మేలే. అయితే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపినప్పుడు మొత్తం మీద శక్తి తరుగు ఆరేడు శాతం దాకా ఉంటుంది.

ఇంజను ఈ మిశ్రమానికి తగినట్లు తయారైతే కొంత తిరిగి రాబట్టవచ్చు. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి 10 శాతం మిశ్రమానికి సర్దిన నాలుగు చక్రాల బండ్లలో మైలేజీ తరుగు ఆరేడు శాతం, 10 శాతానికి రూపొందించి 20కి సర్దిన వాటిలో ఒకటి, రెండు శాతం. కొత్త కారు కొనేవారికి దిగులు తక్కువ. ఏడెనిమిదేళ్ల నాటి విలాస కారును చవకగా వచ్చిందని కొనేవారు మాత్రం ఈ తరుగును ధరలో తీసి బేరం చేయాలి. శక్తి తగ్గిన మిశ్రమానికి 2025లో బంకు వద్ద ధర తగ్గలేదన్నది కూడా గమనించదగినది. సరుకు నాణ్యత తగ్గితే ధర తగ్గాలన్నది గంజ్ న్యాయం. బంకుకు ఆ న్యాయం ఇంకా చేరలేదు.

ఆగి ఉన్న కారు ఖర్చు

విలాస సెడాన్లు వాడే వ్యాపారస్తులలో డ్రైవరును పెట్టుకొన్నవారే ఎక్కువ. సేటు దుకాణంలో ఉన్నంతసేపు డ్రైవరు కారులో ఏసీ వేసుకొని కూర్చోవడం ఎండాకాలంలో మామూలే. ఎండలో మనిషిని కూర్చోబెట్టి ఏసీ వేయవద్దనడం ధర్మం కాదు. కాని లెక్క తెలిసి ఉండాలి. రోజుకు ఒక గంట ఇంజను వృథాగా తిరిగితే ఒక లీటరు, ఏడాదికి 300 రోజులకు 300 లీటర్లు. 2024 మార్చిలో తగ్గింపు తరవాత హైదరాబాదులో లీటరు పెట్రోలు 107 రూపాయల పైన పలికింది. లెక్క సులువు కోసం 110 వేసుకొంటే 33,000 రూపాయలు.

దీన్ని హైబ్రిడ్ ఇచ్చే లాభంతో పోల్చి చూడాలి. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 6,000 కిలోమీటర్లు నగరంలో తిరిగే కారుకు, వందకు నాలుగు లీటర్ల లెక్కన మిగిలేది 240 లీటర్లు, అంటే 26,400 రూపాయలు. దుకాణం లోపల డ్రైవరుకు ఒక కుర్చీ, ఒక ఫ్యాను ఏర్పాటు చేసిన సేటు, లక్షలు పోసి ఇంజను మార్చిన సేటు కంటే ఎక్కువ పెట్రోలు ఆదా చేసినట్లే.

పద్దు ఎక్కడ రాయాలి?

మామూలు సెడాన్‌కు, హైబ్రిడ్‌కు మధ్య పది లక్షల తేడా ఉన్నదనుకొందాం. తొమ్మిది శాతం వడ్డీ చొప్పున ఆ పది లక్షలకు ఏడాదికి 90,000 రూపాయలు. ఈ వడ్డీ ఒక్కటే పెట్రోలు ఆదా నుంచి రావాలంటే 818 లీటర్లు మిగలాలి. అంటే నగరంలోనే ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్ల పైచిలుకు తిరగాలి. రోజుకు దాదాపు 70 కిలోమీటర్లు. రహదారి మీద అయితే అరవై వేల కిలోమీటర్లు దాటాలి. బేగంబజారు వ్యాపారి కారు అంత తిరగదు. అసలు ధరల తేడా పది లక్షల కంటే తక్కువైతే లెక్క ఆ మేరకు మారుతుంది. ఎవరి తేడా వారు వేసుకోవచ్చు.

మొత్తం కారును తీసుకొన్నా ఇదే తేలుతుంది. 48 లక్షలకు వడ్డీ ఏడాదికి 4 లక్షల 32 వేలు. ఆదాయపు పన్ను లెక్కల్లో కారుకు అనుమతించే తరుగుదల 15 శాతం, మొదటి ఏడాది 7 లక్షల 20 వేలు. అదే కారు హైబ్రిడ్ కాక, లీటరుకు ఎనిమిదిన్నర మాత్రమే ఇచ్చేదైనా, 6,000 కిలోమీటర్లకు అయ్యే పెట్రోలు 78,000 రూపాయల లోపే. తరుగుదలలో తొమ్మిదో వంతు. పైగా కారుపై చెల్లించిన జీఎస్టీని మామూలు వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై ఈ పన్ను 40 శాతం. పెట్రోలు జీఎస్టీలోనే లేదు. తెలంగాణలో దాని మీద వ్యాట్ 35.2 శాతంగా 2025లో కొనసాగింది. అదీ తిరిగి వచ్చేది కాదు.

ఈ అంకెలు చెప్పే నిజం ఒక్కటే. విలాస సెడాన్ పెట్రోలు పొదుపు కోసం కొనే వస్తువు కాదు. నడుము నొప్పి లేకుండా గుంటూరు పోయి రావడానికి, పెద్దవయసు తల్లిదండ్రులను కుదుపు లేకుండా ఆసుపత్రికి తీసుకుపోవడానికి, పార్టీల ముందు పరపతి నిలుపుకోవడానికి కొంటారు. అవి తప్పు కారణాలు కావు. కాని ఆ ఖర్చును సౌఖ్యం పద్దులో రాయాలి. పొదుపు పద్దులో రాసుకొని, పెట్రోలు ఆదాతో ధర తిరిగి వస్తుందని మనసుకు నచ్చజెప్పుకోవడం దొంగ లెక్క. ఇటువంటి లెక్కతో మూలధనంలో నలభై, యాభై లక్షలు కారులో ఇరుక్కుపోతే, సీజనులో సరుకు పట్టడానికి చేతిలో రొక్కం లేక వడ్డీకి తిరగవలసి వస్తుంది. దుకాణాలకు దెబ్బ తగిలేది పెట్రోలు బిల్లుతో కాదు, ఆ వడ్డీతో.

పొదుపే ప్రధానమనుకొనేవారికి చిక్కడపల్లిలో కారు కంటే చవకైన సాధనం ఉన్నది. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన మెట్రో మార్గంలో చిక్కడపల్లి నుంచి ఎంజీబీఎస్ మూడో స్టేషను. అక్కడినుంచి ఉస్మాన్‌గంజ్, బేగంబజారు దాపునే. పగలు మెట్రో, దూర ప్రయాణానికి కారు అని పంచుకొన్న వ్యాపారికి కూడలి తరుగు ఉండదు.

ఏం చేయాలి?

మొదటిది, కారు కొన్నవారు తమ కాటా తామే వేసుకోవాలి. ఒకే బంకులో ట్యాంకు నిండుగా పోయించి, గొట్టం తనంతట ఆగిన చోట ఆపి, మీటరు అంకె రాసుకోవాలి. మళ్లీ నిండుగా పోయించేదాకా తిరిగిన కిలోమీటర్లు, పోసిన లీటర్లు లెక్కించాలి. ఇలా మూడు, నాలుగు విడతలు చేస్తే నికరం తేలుతుంది. కారులోని తెర చూపే సగటు అసలు కంటే కొంత ఎక్కువగా ఉండడం మామూలే కనుక దానిని నమ్మి చిట్టాలో రాయరాదు. టైర్లలో గాలి తగ్గితే రెండు, మూడు శాతం పోతుంది. ఇక తెల్లవారుజామున పోయించుకొంటే చిక్కని పెట్రోలు వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. నిల్వ భూమి లోపల ఉండడం చేత పగటికీ రాత్రికీ అక్కడ వేడిలో తేడా స్వల్పం.

రెండవది, కొనేముందు షోరూం వారు ఇచ్చే కారును రెండు ఫర్లాంగులు తిప్పి తృప్తిపడరాదు. రద్దీ వేళ తమ దారిన, తమ ఏసీతో, తమ మనుషులను ఎక్కించుకొని నడపాలి. ఇవ్వనంటే వేరే షోరూం ఉన్నది. బస్తా విప్పి చూపనివాడి సరుకు ఎవరూ కొనరు.

మూడవది, ప్రభుత్వం చేయవలసిన పని. పరీక్ష పద్ధతి ఎలా మారినా, కారు మీద నగరానికి ఒకటి, రహదారికి ఒకటి, రెండు అంకెలు, ఏసీ నడిచిన స్థితిలో, వంద కిలోమీటర్లకు లీటర్ల లెక్కన రాసి అంటించాలి. కిరాణా పొట్లం మీద నికర తూకం రాయకపోతే చిల్లర వ్యాపారికి జరిమానా వేసే రాజ్యంలో, అర కోటి రూపాయల వస్తువుకు నికర తూకం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. తెలంగాణ వాణిజ్య, పారిశ్రామిక మండలుల సమాఖ్య వంటి సంఘాలు, గంజ్ వర్తక సంఘాలు ఈ విషయమై కేంద్ర రవాణా శాఖకు విన్నవించడం సముచితం. కార్లు కొనేవారిలో వ్యాపారస్తులు కూడా ఉన్నారు. వారు అడిగితే కంపెనీలు వినక తప్పదు.

అంతవరకు ప్రచార పత్రంలోని మైలేజీకి నగర వ్యాపారి స్వయంగా తరుగు కట్టుకోవాలి. హైబ్రిడ్‌కు అయిదో వంతు, రద్దీ దారిన తిరిగే మామూలు పెట్రోలు కారుకు మూడో వంతు పైన తీసి లెక్క వేసుకొంటే తరవాత చింత ఉండదు. ఆ తరుగు తీసిన తరవాత కూడా కారు నచ్చితే, చేతిలో రొక్కం సీజనుకు సరిపడా మిగిలితే, నిశ్చింతగా కొనవచ్చు.